గాలివాటం తెలిసినవాళ్ళు

'గాలివాటం మనిషి' అన్నామంటే మన భాషలో అది తిట్టే. నిలకడ లేనివాడని, ఎటు లాభముంటే అటు ఒరిగేవాడని అర్థం. రాజకీయ వ్యాసాలలో ఈ మాట రోజూ కనిపిస్తుంది. అయితే ఈ మాటను మొదట వాడుకున్నవాళ్ళకు, అంటే చాప ఎత్తి పడవ నడిపినవాళ్ళకు, ధాన్యం తూర్పారబట్టినవాళ్ళకు, అది తిట్టు అయి ఉండదని నా అనుమానం. వాళ్ళకు గాలివాటం తెలియడమంటే పని తెలియడమే. ఆ తెలివిని మనం ఎలా పోగొట్టుకున్నామో, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఆట ఎలా పనికివస్తుందో చెప్పాలని ఈ నాలుగు మాటలు. ఆట పేరు వినగానే నవ్వకండి. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

మారేడుమిల్లికి వెళ్ళిన యాత్రికులందరిలాగే నేనూ ఒక వేసవిలో పుల్లంగి మీదుగా గుడిస కొండ ఎక్కాను. చెట్టు లేని కొండ అది. కనుచూపు మేర గడ్డి. గాలి వీస్తే గడ్డి మీద అలలు లేస్తాయి. ఎక్కడ మొదలై ఎటు పోతున్నాయో కంటికి స్పష్టంగా తెలుస్తుంది. గాలిని 'చూడటం' అంటే ఏమిటో నాకు అక్కడే మొదటిసారి తెలిసింది. దిగి వస్తుంటే దారి పక్కన ఒక కొండరెడ్డి పెద్దాయన కూర్చుని ఎదుటి కొండ వాలున లేస్తున్న పొగ వైపు చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నావు తాతా?"

"గాలి మారతాది బాబూ."

"ఎలా తెలుసు?"

"పొగ సూడు."

చూశాను. నిటారుగా లేస్తున్న పొగ పైకొస నెమ్మదిగా వంగుతోంది. మా దగ్గర ఆకు కూడా కదలడం లేదు. నేను మరో మాట అడిగేలోపే గాలి వచ్చి మమ్మల్ని తాకింది, అదీ అంతకుముందు వీచిన దిక్కునుంచి కాదు. పోడు కాల్చేవాడికి ఈ చూపు లేకపోతే మంట తన మీదికే తిరుగుతుంది. ఆయనకది విద్య కాదు, బతుకు.

ఇక అసలు విషయానికి వస్తాను. విండ్‌సర్ఫింగ్ అని ఒక ఆట ఉంది. తెలుగులో దీన్ని 'చాపపలక' అందాం. ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తడితే సంతోషంగా స్వీకరిస్తాను. ఒక పలక, దాని మీద ఎటైనా వంగగలిగే కీలుతో బిగించిన స్తంభం, స్తంభానికి తెరచాప. అంతే. చుక్కాని లేదు. చాపను ముందుకు వాలిస్తే పలక ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కు వాలిస్తే గాలి వైపు తిరుగుతుంది. మనిషి తన ఒంటి బరువుతో చాపను నిలబెట్టుకుంటాడు. వీటిలో పొడుగు పలక ఒక రకం. సుమారు పన్నెండు అడుగుల పొడవు ఉంటుంది. నడుమ నీళ్ళలోకి దించే ఒక చెక్కరెక్క ఉంటుంది. అది పలకను గాలికి పక్కకు కొట్టుకుపోకుండా ఆపుతుంది. పొట్టి పలకలకు జోరుగాలి కావాలి. పొడుగు పలక పిల్లగాలికి కూడా జారిపోతుంది. అందుకే నదులకూ చెరువులకూ అదే తగినది.

ఈ ఆట సముద్రం మీద పుట్టిందని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో సస్క్వెహానా అనే నది ఉంది. న్యూమన్ డార్బీ అనే ఆయన 1964లో తాను చేసిన తెరచాప పలకను నడిపింది ఆ నదీ ప్రాంతంలోనే. 1965 ఆగస్టు 'పాపులర్ సైన్స్' పత్రికలో దాన్ని తయారుచేసే పద్ధతి రాశాడు. తరువాత కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హోయిల్ ష్వైట్జర్ దానికి ఇప్పటి రూపం ఇచ్చి 1970లో పేటెంటు పొందారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నాటికి అది పతకాల ఆట అయింది. 2024 పారిస్ నాటికి పలక నీటిపైకి లేచి, అడుగున ఉన్న రెక్క మీద ఎగిరే దశకు చేరింది. అన్నట్టు, డార్బీ ఆ నది మీద తంటాలు పడుతున్న 1964లోనే మనకు 'మూగమనసులు' వచ్చింది. గోదావరి మీద పడవ నడిపే కుర్రవాణ్ణి తెలుగువాళ్ళంతా ప్రేమించిన సంవత్సరం. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

పందెం ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి. ఏ తెరచాపా నేరుగా గాలికి ఎదురు పోలేదు. ఎగువగాలి వైపు ఉన్న గురుతును చేరాలంటే సుమారు నలభై అయిదు డిగ్రీల ఏటవాలున కాసేపు ఎడమకు, కాసేపు కుడికి మెలికలు తిరుగుతూ పోవాలి. గాలి నిలకడగా ఉంటే ఇందులో ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. బలం, ఒడుపు ఉన్నవాడు గెలుస్తాడు. గాలి దిక్కు మారుతున్నప్పుడే అసలు ఆట మొదలవుతుంది. ఇద్దరు పోటీదారులు గాలికి అడ్డంగా వంద మీటర్ల ఎడంలో సమానంగా సాగుతున్నారనుకోండి. గాలి పది డిగ్రీలు ఒక పక్కకు తిరిగితే ఆ పక్కన ఉన్నవాడు చేతులు కదపకుండానే దాదాపు ఇరవై అయిదు మీటర్లు ముందుంటాడు. గాలి తిరిగి తన ముక్కును గురుతుకు దూరంగా నెడుతోందని గ్రహించినవాడు వెంటనే మెలిక తిరగాలి. గ్రహించనివాడు ఎంత వేగంగా పోయినా తప్పు దారిలోనే వేగంగా పోతాడు.

నదిలో ఈ చిక్కు రెండింతలు. నది నడుమ గాలి ఎక్కువ, కానీ ప్రవాహమూ అక్కడే ఎక్కువ. ఒడ్డున ప్రవాహం తక్కువ, కానీ చెట్లూ కొండలూ గాలిని మింగేస్తాయి. వంపు తిరిగే చోట బయటి ఒడ్డున నీరు ఉరకలు వేస్తుంది, లోపలి ఒడ్డున నెమ్మదిస్తుంది. గాలి కూడా లోయ వెంటే పారుతుంది కాబట్టి వంపు దగ్గర విరిగి రెండుగా చీలుతుంది. పగటిపూట ఎండకు కొండవాలు వేడెక్కితే గాలి లోయ వెంట పైకి పాకుతుంది, రాత్రి చల్లబడితే కిందికి దిగుతుంది. ఆ రెండింటి నడుమ ఏ దిక్కూ లేని ఒక ఘడియ ఉంటుంది. ఇంకో విచిత్రం. గాలి పూర్తిగా పడిపోయి పలక ప్రవాహంలో కొట్టుకుపోతున్నప్పుడు ముఖానికి ఎదురుగాలి తగులుతుంది. అది గాలి కాదు, మన కదలికే. అయినా చాపకు మాత్రం అదే గాలి, దానికే చాప సరిచేసుకోవాలి.

ఇలాంటి చోట పందెం పెడితే అది అదృష్టపు ఆట అని కొందరు కొట్టిపారేస్తారు. గాలి ఎవరి మీద దయతలిస్తే వాళ్ళు గెలుస్తారు, ఇందులో ప్రతిభ ఏముంది అంటారు. నా అభిప్రాయం సరిగ్గా దీనికి విరుద్ధం. ఒక్క పందెంలో అదృష్టం ఉండవచ్చు. పది పందేలలో ఉండదు. అందుకే ఈ ఆటలో విజేతను ఒక్క పరుగుతో తేల్చరు, ఎన్నో పరుగుల ఫలితాలను కూడి తేలుస్తారు. మారేగాలి బలవంతుడి మొగ్గును తగ్గించి చూపున్నవాడికి చోటిస్తుంది. నీటి మీద నల్లబడుతూ ముందుకు వస్తున్న ముడతను ఎవడు ముందు చూశాడు, ఎదుటి ఒడ్డున వెదురు పొద కొస ఎటు వంగిందో ఎవడు గమనించాడు, పైన గద్ద ఎటు తిరుగుతోందో ఎవడు కనిపెట్టాడు అన్నదే లెక్క. ఖరీదైన చాప కొనుక్కున్నవాడికంటే ఆ నది పక్కన పుట్టినవాడికి ఇక్కడ ఒక మెట్టు ఎక్కువ ఉంటుంది. డబ్బుతో కొనలేని మొగ్గు ఇంకా మిగిలివున్న ఆటలు ఎన్ని ఉన్నాయి చెప్పండి?

ఇప్పుడు గోదావరి దగ్గరికి వద్దాం. మారేడుమిల్లిలో నిలబడితే నది కనిపించదు. కొండల అవతల, కూనవరం దగ్గర శబరిని కలుపుకుని, పాపికొండల ఇరుకులోంచి దూరి పోలవరం వైపు పోతుంది. రాజమండ్రి దగ్గర సముద్రంలా పరుచుకునే నది ఇక్కడ రెండు కొండల నడుమ సందులా మారుతుంది. ఈ కొండలలో కొట్టిన వెదురూ కలపా ఒకప్పుడు తెప్పలుగా కట్టి నీటి మీదే దిగువకు పంపేవారు. ఇక్కడి కొండరెడ్ల జీవితం మీద ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో ఒక పుస్తకమే ప్రచురించాడు. నది మీద తెరచాప పడవలు తిరిగేవి. గాలి అనుకూలిస్తే చాప ఎత్తేవారు, అనుకూలించకపోతే గడ వేసేవారు, లేదా తాడు కట్టి ఒడ్డున నడుస్తూ లాగేవారు. సరంగుకు ఏ వంపు దగ్గర గాలి విరుగుతుందో తెలిసి తీరాలి. తెలియకపోతే రోజంతా తాడు లాగడమే.

ఆ సరంగు మన సాహిత్యంలో ఎక్కడున్నాడు? పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' ప్రపంచ కథల పోటీలో బహుమతి పొందిన మాట మనందరికీ గర్వకారణం. ఆయనే 'పడవ ప్రయాణం' కూడా రాశారు. రెండూ గొప్ప కథలు, సందేహం లేదు. సినిమాలలో 'మూగమనసులు' తరువాత 1973లో 'అందాల రాముడు', 2006లో 'గోదావరి' వచ్చాయి. మనలో ఆ 'గోదావరి' చూసి మురిసిపోనివాళ్ళు తక్కువ. అయితే నేను చదివినంతలో, చూసినంతలో, నది మనకు ఎప్పుడూ ప్రయాణికుడి చోటునుంచే కనిపించింది. పడవలో కూర్చున్నవాడి ప్రేమ, పడవలో కూర్చున్నవాడి దుఃఖం, అతని కంటికి కనిపించిన వెన్నెల. పడవ నడిపేవాడు పాట పాడాడు, ప్రేమించాడు, కన్నీళ్ళు పెట్టుకున్నాడు. గాలి ఎటు మారుతుందో అతను ఎలా పసికట్టాడో మాత్రం మనం అడగలేదు. ఈలోగా ఇంజను వచ్చింది. గాలితో పని లేకపోయింది. అడగని విద్యను అతను కూడా ఎవరికీ చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

గాలితో పని లేదనుకున్నాం గానీ, గాలికి మనతో పని ఉంది. 2018 మే 15న కొండమొదలు వైపునుంచి వస్తున్న లాంచీ దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఈదురుగాలికి మునిగిపోయింది. అందులో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది గిరిజనులు. 2019 సెప్టెంబరు 15న, నది వరద మీదున్న రోజున, కచ్చులూరు మలుపులో 'రాయల్ వశిష్ట' అనే విహార బోటు మునిగింది. అందులో డెబ్బై ఏడుగురు ఉంటే బతికి బయటపడినవాళ్ళు ఇరవై ఆరుగురే. ముప్ఫై ఏడు రోజుల తరువాత ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి తీసింది. లంగర్లతో, ఇనుప తాళ్ళతో, నదిని ఎరిగిన మనుషులతో. ఆ రోజుల్లో దేశమంతా ఆ బృందం వైపు చూసింది. నది తెలిసినవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు, కానీ శవాల కోసం వెతికేటప్పుడు మాత్రమే వాళ్ళను పిలుస్తామన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఒక ఆట ఉండివుంటే ఆ రెండు ప్రమాదాలు జరిగేవి కావని నేను అనడం లేదు. అలా అనడం చనిపోయినవాళ్ళను అవమానించడమే. వరద రోజున పడవ కట్టేయడానికి ఆట అక్కర్లేదు, నిబంధన పాటిస్తే చాలు. నేననేది వేరు. నది ఒడ్డున పుట్టి నది భాష రాని తరం ఒకటి తయారవుతోంది. కంట్రోల్ రూములు పెట్టాం, మంచిదే. చూపు ఎక్కడ పెట్టాలి?

ఇంతలో ఆ నది కూడా మారిపోతోంది. పోలవరం పనులలో భాగంగా 2021 జూన్‌లో గోదావరి ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. ఆనకట్ట పూర్తయి నీరు నిలిస్తే పాపికొండల నడుమ నది కాస్తా పొడుగాటి జలాశయం అవుతుంది. దాదాపు లక్ష కుటుంబాలు చోటు మారవలసిన లెక్క అది. కొన్ని ఊళ్ళు ఇప్పటికే ఖాళీ అయి, జనం పునరావాస కాలనీలకు చేరారు. ఏరు పక్కన పెరిగిన పిల్లలు నీటి కుళాయి దగ్గర వరుసలో నిలబడుతున్నారు. రేపు ఆ నీటి మీద ఏమి వస్తుందో ఊహించడం కష్టం కాదు. విహార బోట్లు, మైకులో సినిమా పాటలు, ఒడ్డున బొంగు చికెన్. కొండరెడ్డి కుర్రవాడికి దక్కేది బహుశా వెదురు బొంగు నరికే పని.

నా ప్రతిపాదన ఇదీ. ఆ నీటి మీద ఇంజను లేని ఒక పాఠశాల ఉండాలి. రంపచోడవరం, దేవీపట్నం, మారేడుమిల్లి ప్రాంతాల ఆశ్రమ పాఠశాలల పిల్లలకు ఈత, తరువాత తెడ్డు, ఆ తరువాత పొడుగు పలక నేర్పాలి. వరద కాలం వదిలేసి, శీతకాలంనుంచి వేసవి దాకా, హద్దులు కట్టిన నీటిలో, ప్రాణరక్షక కోట్లతో, పక్కనే కాపుకాసే పడవతో. ఏడాదికి ఒకసారి పందేలు పెట్టాలి. పర్యాటకుల వినోదం కోసం కాదు. చూడవచ్చినవాళ్ళు ఒడ్డున కూర్చుని చూస్తే అభ్యంతరం లేదు. పాపికొండలు 2008నుంచి జాతీయ ఉద్యానం. చప్పుడూ పొగా లేని ఈ ఆటకంటే ఆ అడవికి మర్యాదైన అతిథి దొరకదు.

ఇది గాలిమేడ అనుకునేవాళ్ళకు హుస్సేన్ సాగర్ చూపిస్తాను. చుట్టూ భవనాలతో గాలి ఏ నిమిషం ఎటు తిరుగుతుందో తెలియని చెరువు అది. అక్కడే ఏటేటా వానకాలంలో తెరచాప పడవల జాతీయ స్థాయి పోటీలు జరుగుతున్నాయి. అక్కడి యాట్ క్లబ్ పేదింటి పిల్లలను చేరదీసి నేర్పితే, వాళ్ళలోనుంచి జాతీయ విజేతలు వచ్చారు. ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో దేశం తరఫున పడవ నడిపింది. అవే క్రీడలలో ఈబాద్ అలీ చాపపలక మీద కాంస్యం తెచ్చాడు. నగరం నడుమ మురికి చెరువు ఇంత చేయగలిగినప్పుడు పాపికొండల నీరు ఎందుకు చేయలేదు?

అభ్యంతరాలు నాకు తెలుసు. భూమికి భూమి, ఇంటికి ఇల్లు సరిగా అందని మనిషికి తెరచాప ఇస్తానంటావా అని ఎవరైనా అడిగితే తల దించుకుంటాను. పరిహారానికి బదులు ఆట కాదు, కాకూడదు. అది ముందు చెల్లించవలసిన బాకీ. ఇది తరువాతి మాట. పలకలు ఖరీదు కదా అన్నది రెండో అభ్యంతరం. నిజమే. కానీ డార్బీ తన పలకను ఇంట్లో చెక్కతో చేసుకున్నాడు. వెదురును నిప్పు మీద కాచి వంచగలిగినవాళ్ళకు, తెప్ప కట్టగలిగినవాళ్ళకు తొలి పలక చేసుకోవడం అసాధ్యమని నేను నమ్మను. పోటీలకు కొనవలసినవి ఎలాగూ కొనాలి, ఆ ఖర్చు విహార బోట్ల రుసుములో ఒక పాలు. మూడోది, గిరిజనులను మరో ప్రదర్శన వస్తువు చేస్తారేమోనన్న భయం. ఇది న్యాయమైన భయం. అందుకే పాఠశాల ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు ప్రశ్న. నేర్పేది బయటివాళ్ళయినా నిర్వహణ ఆ ఊళ్ళ చేతుల్లో ఉండాలి. గాలి సంగతి బోధించే తొలి గురువు ఆ పెద్దాయన లాంటివాడై ఉండాలి. పలక మీద నిలబడటం ఆయనకు రాదు. పొగ చూడటం ఆయనకు వచ్చు. మొదటిది నెలరోజుల్లో వస్తుంది, రెండోదానికి ఒక జీవితం పడుతుంది.

గాలివాటం మనిషి అని తిట్టేటప్పుడు మనం మరిచిపోయేది ఒకటుంది. గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోయేవాడికి గాలి గురించి ఏమీ తెలియనక్కర్లేదు. గాలికి ఎదురు ప్రయాణం చేయాలనుకున్నవాడికే దాని ప్రతి మలుపూ తెలియాలి. కొండలమీదికి వచ్చిన గాలులు, రోడ్డు గాలి, ఆనకట్ట గాలి, పర్యాటకపు గాలి, ఏవీ కొండరెడ్లు పిలిచినవి కావు. వాటిని ఆపే శక్తి వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు. కనీసం వాటి మీద మెలిక తిరిగి, తాము పోవాలనుకున్న చోటికి పోయే చాప ఒకటి వాళ్ళ పిల్లల చేతిలో ఉండాలని నా కోరిక.

గోదావరి ఒడ్డున పుట్టిన మిత్రులెవరైనా తమ తాతల కాలపు చాప పడవల సంగతులు, గాలులకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు విని ఉంటే దయచేసి రాయండి. పైరగాలి, ఈదురుగాలి దాటి నాకు తెలిసిన పేర్లు చాలా తక్కువ. ఆ పేర్లు పోతే వాటితో పాటు ఏమి పోయిందో కూడా మనకు తెలియకుండా పోతుంది.